రంగనాథప్ప పంతొమ్మిది రాళ్లు

“లాక్‌డౌన్‌లో ప్రజలు ఇంట్లో ఉండాలి. నాయకుడు ప్రజల్లో ఉండాలి. కాబట్టి ఈ రోజు నుంచి నేను ఇంట్లోనే ప్రజల్లో ఉంటాను” అని మా ఊరి నాయకుడు రంగనాథప్ప మార్చి ఇరవై ఆరో తేదీన ప్రకటించాడు. ప్రకటన జరిగిన చోటు ఆయన ఇంటి హాలు. హాజరైనవాళ్లు ముగ్గురు. ఆయన భార్య కృష్ణవేణమ్మ, ఆయన కార్యకర్త ఓబుళేశు, నేను.

రంగనాథప్ప పదవి ఏమిటని మీరు అడగకూడదు. కోయిలకుంట్ల దాకా పదవుల్లో ఉన్నవాళ్లంతా ఆయన్ని అడిగి తుమ్ముతారు. ఆ రోజుల్లో తుమ్మడం ఎంత పెద్ద విషయమో పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

నేను ఆ ఇంటికి రెండు రోజుల పని మీద వెళ్లాను. పాత చీరలు పరిచి బొంతలు కుట్టడం నా పని. మూడో బొంత అంచు కుడుతుండగా దేశం మూతపడింది. మా తూర్పు వీధివాళ్లు ఆ సాయంత్రమే వీధి మొగదల తుమ్మకంప అడ్డం వేశారు. నేను మూట పట్టుకుని పోయేసరికి కంపకు అవతల సోమక్క నిలబడి ఉంది. నా పక్కింటి మనిషి. ముప్పై ఏళ్లుగా ఒకే పొయ్యిలో నిప్పు పంచుకున్నవాళ్లం.

“హంపక్కా, నువ్వు పెద్దోళ్లింట్లోంచి వస్తాండావు. ఆడికి నూరు మంది వచ్చి పోతాంటారు. ఇరవై ఒక్క రోజు అయినాక రా” అంది.

“నేను యాడికి పోవల్ల సోమక్కా?”

“వచ్చిన తావుకే. ఆడ నీళ్లన్నా ఉండాయి.”

ఆ మాట నిజం. మా తూర్పు వీధికి కుళాయి లేదు. మా వైపు నేల తవ్వితే నీళ్లకంటే ముందు నాపరాయి వస్తుంది, నాపరాయి తర్వాత మళ్లీ నాపరాయి వస్తుంది. రోజు మార్చి రోజు టాంకరు వస్తుంది, నలభై ఇళ్లు బిందెలు పెడతాయి. ఆ టాంకరు మా వీధికి వచ్చే దారిలో రంగనాథప్ప ఇల్లు ఉంది. గుంతల రోడ్డు కాబట్టి, నిండు బరువుతో పోతే టైర్లు పాడవుతాయని డ్రైవరు ముందు ఆయన పెరట్లోని తొట్టెలో సగం బరువు దించుకుని వస్తాడు. ప్రభుత్వం టైర్ల మీద అంత శ్రద్ధ ఉన్న డ్రైవరు ఈ కాలంలో దొరకడు.

అలా ఆ ఇంట్లో ఒక నాయకుడు, ఒక నాయకుడి భార్య, ఒక కార్యకర్త, ప్రజలు మిగిలాం. ప్రజలంటే నేను.

మొదటి మూడు రోజులు నాయకుడు చాలా శ్రమపడ్డాడు. పొద్దున ఆరింటికల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు చేతులూ జోడించి, పడకగదిలోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి నడిచేవాడు. దారిలో నేను బొంత కుడుతూ కనపడేదాన్ని.

“ఏమమ్మా, బాగుండావా? పింఛను వస్తాండాదా?”

“వస్తాండాది నాయనా.”

పావుగంటకు వంటింట్లోంచి తిరిగివస్తూ మళ్లీ ఆగేవాడు. “ఏమమ్మా, బాగుండావా? పింఛను వస్తాండాదా?”

“ఆమెకు పింఛను నెలకొకసారి వస్తాది. గంటకు నాలుగుసార్లు కాదు” అంది కృష్ణవేణమ్మ లోపలినుంచి. “ఊరికే తిరగకుంటే ఈ చింతపండు ఒలవండి.”

చింతపండు చాట ముందు పెడితే నాయకుడు వెనుదీయలేదు. గింజ తీసే విధానంపై అప్పటికప్పుడే ఒక కమిటీ వేసి, ఓబుళేశును కన్వీనరుగా నియమించి, నివేదిక రాగానే చర్యలు తీసుకుంటామని చెప్పి లేచాడు. నివేదిక ఇంకా రాలేదు. చింతపండు నేనే ఒలిచాను.

నాలుగో రోజున ఓబుళేశు పశువుల కొట్టంలోంచి కంగారుగా వచ్చాడు.

“అన్నా, మన రాళ్లు.”

“ఏం రాళ్లు?”

“శిలాఫలకాలన్నా. పంతొమ్మిది. అన్నీ తేదీలు పడినాయి.”

విషయం ఏమిటంటే, ఏప్రిల్ నెల ముహూర్తాలు దివ్యంగా ఉన్నాయని ఎవరో చెబితే, రంగనాథప్ప ఫిబ్రవరిలోనే పంతొమ్మిది పనులకు నాపరాళ్ల మీద ప్రారంభోత్సవాలు చెక్కించి పెట్టుకున్నాడు. పనులు ఎప్పుడైనా చేసుకోవచ్చు. రాయి ముందు ఉంటే పని ఎక్కడికీ పారిపోదు. ఇప్పుడు ఆ రాళ్లన్నీ గేదె పక్కన గోడకు ఆనించి ఉన్నాయి. ఒక్కొక్కదాని మీద ఆయన పేరు అరచేయంత అక్షరాలతో, పని పేరు వేలెడంత అక్షరాలతో, తేదీ గోరంత అక్షరాలతో ఉంది.

“తేదీ దాటిపోతే?” అన్నాడు నాయకుడు.

“రాయి చెల్లదన్నా. బండలుగా పరుచుకోవల్ల.”

నాయకుడు చాలాసేపు రాళ్లవైపు చూశాడు. గేదె ఆయనవైపు చూసింది.

“తేదీ మార్చలేం. చోటు మారుస్తాం” అన్నాడు.

ఏప్రిల్ ఒకటో తేదీ ఉదయం తొమ్మిది గంటలకు పాఠశాల అదనపు గది ఆ ఇంటి వడ్లగదిలో ప్రారంభమైంది. రిబ్బన్ దొరక్క ఓబుళేశు నా బొంతల మూటలోంచి ఎర్రచీర పేలిక ఒకటి చించుకుపోయాడు. నాయకుడు దాన్ని కత్తిరించి, వడ్లమూటలను ఉద్దేశించి చదువు విలువ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. మూటలు నిశ్శబ్దంగా విన్నాయి. పేపర్లో ‘హర్షధ్వానాల మధ్య’ అని రాస్తారు చూడండి, ఆ ధ్వానాలు నావి. ఓబుళేశు ఫోను పట్టుకుని ఉండడం వల్ల అతని చేతులు ఖాళీ లేవు.

మూడో తేదీన సిమెంటు రోడ్డు. హాలునుంచి వంటింటిదాకా ఇరవై రెండు అడుగులు. నాయకుడు దానిమీద రెండుసార్లు నడిచి, గుంతలు లేవని తృప్తిపడ్డాడు. అయిదో తేదీన బస్ షెల్టరు, వరండాలో. కృష్ణవేణమ్మ అక్కడ కూర్చుని వడియాలు పెడుతుండడంతో ఆమెను బస్సు కోసం వేచి ఉన్న ప్రయాణికురాలిగా ఫోటో తీశారు.

“ఏం బస్సప్పా ఇది?” అంది ఆమె.

“నాన్‌స్టాప్ మా” అన్నాడు ఓబుళేశు.

పశువుల ఆస్పత్రి కొట్టంలోనే జరిగింది. అన్నిటిలోకీ అదొక్కటే కాస్త చోటు కుదిరిన కార్యక్రమం. రోగి స్వయంగా హాజరై, నాయకుడి మెడలోని బంతిపూల దండను సగం తిన్నది. శ్మశానం ప్రహరీగోడ వచ్చేసరికి ఏ గదికి పెట్టాలో తేలలేదు. “మీ ఆఫీసు గదికి పెట్టండి. ఆడికి పోయిన కాగితం ఒక్కటి తిరిగొచ్చింది లేదు” అని కృష్ణవేణమ్మ సలహా ఇచ్చింది. నాయకుడు స్త్రీల అభిప్రాయాన్ని గౌరవించే మనిషి. అక్కడే పెట్టారు.

ఇవన్నీ జిల్లా పేజీలో వరసగా వచ్చాయి. ‘వర్చువల్‌గా ప్రారంభించిన రంగనాథప్ప’ అని శీర్షిక. వర్చువల్ అంటే ఏమిటని ఓబుళేశును అడిగాను.

“అంటే అవ్వా, ఉండాది. కానీ యాడుండాదని అడగకూడదు” అన్నాడు.

పదమూడు రాళ్లు అయిపోయిన రోజున కొట్టం ఊడుస్తూ మిగిలిన ఆరు చూశాను. అందులో ఒకటి గోడవైపు తిరిగి ఉంది. ముందున్న రాయి మీది అక్షరాలు కూడబలుక్కుంటే చీపురు చేతిలోంచి జారింది. ‘తూర్పు వీధి మంచినీటి కుళాయి’ అని ఉంది. మా వీధి పేరు రాయిమీద చూడడం నాకదే మొదలు. తేదీ ఏప్రిల్ పద్దెనిమిది.

నేను నేరుగా హాల్లోకి పోయాను.

“నాయనా, తక్కినయి యాడన్నా చేసుకోండి. ఆ కుళాయి మాత్రం ఇంట్లో వద్దు. పదైదేండ్లుగా మేం అడుగుతాండాం. ఈ లాక్‌డౌన్ తీసినాక మా వీధిలోనే చేయండి.”

“తేదీ ఎంత ఓబుళేశూ?”

“పద్దెనిమిదన్నా.”

“చూడు హంపమ్మా. ప్రజలకిచ్చిన మాట రాయిమీద ఉండాది. ఒక్క దినం ఆలస్యం చేసినా మీ వీధికి అన్యాయం చేసినట్టే.” ఆయన చేతులు జోడించాడు. “మీ వీధి రాయిని తక్కినవాటి మాదిరి వాకిలికి ఆనించను. సిమెంటు పెట్టి నిలబెడతా. చాలా?”

చాలలేదు గానీ, సిమెంటు పెట్టిన మాట నిజం. పెరట్లో తొట్టె కుళాయి పక్కన, బట్టలుతికే బండకు ఎదురుగా, అడుగు లోతు తవ్వి, తాపీమేస్త్రీ మిగిల్చిపోయిన సిమెంటుతో ఓబుళేశు ఆ రాయిని నిలబెట్టాడు. ఏనుగు గుద్దినా కదలదని చెప్పాడు. ఈలోగా ఇరవై ఒక్క రోజులు అయిపోయినా లాక్‌డౌన్ మే మూడుదాకా పొడిగించారు, మా వీధి తుమ్మకంప కూడా కదల్లేదు.

పద్దెనిమిదో తేదీన నీళ్ల ఇంజనీరు పరమేష్ సార్ తన ఇంట్లోంచి వీడియోలో హాజరయ్యాడు. పైన నీలం చొక్కా, కింద లుంగీ. రిబ్బన్ కోశారు. నాయకుడు కుళాయి తిప్పాడు. నీళ్లు వచ్చాయి. నా చేతికి ఇత్తడి బిందె ఇచ్చి లబ్ధిదారును చేశారు.

“ఏమ్మా, నీది తూర్పు వీధేనా?” అన్నాడు ఇంజనీరు.

“అవును సార్.”

“ఈ కుళాయిలో నీళ్లు వస్తాండాయా?”

నా చేతిలో బిందె నిండి పొర్లుతోంది. “వస్తాండాయి సార్” అన్నాను. నేను చెప్పిన ప్రతి మాటా నిజం. అందరూ చప్పట్లు కొట్టారు. ఓబుళేశు కాగితం ముందు పెట్టి వేలిముద్ర డబ్బా మూత తీశాడు. నేను పెన్ను అడిగి సంతకం పెట్టాను. మూత తీసిన డబ్బా వృథా పోయిందని అతను కొంచెం నొచ్చుకున్నాడు.

ఇరవయ్యో తేదీన సోమక్క ఫోను చేసింది.

“హంపక్కా, టాంకరు రాలేదే.”

“చెడిపోయిందేమో.”

“చెడిపోలే. నీళ్ల ఆఫీసుకు ఫోను చేస్తే, మీ వీధికి కుళాయి పడింది గదా, ఇంగ టాంకరెందుకు, ట్రిప్పు కొట్టేసినాం అన్నారు. కుళాయి యాడుందే? వీధంతా ఎతికినాం. ఎదురింటి గురమ్మ ఎనుముల దొడ్డిలో గూడా చూసింది.”

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

“పేపర్లో నీ ఫోటో ఉండాది. బిందె పట్టుకోని నగుతాండావు. బాగా పడినావులే. కొండకింద బోరుకు పోతే పోలీసోళ్లు ఎనక్కి తోల్తాండారు. గంటకొకసారి చేతులు కడగమంటాండారు. దేనితో కడగల్ల? నీ నగుతోనా?”

ఆ రోజు బొంత కుడుతుంటే సూది వేలికి రెండుసార్లు గుచ్చుకుంది. పెరట్లోకి పోయి రాయి ముందు కూర్చున్నాను. మళ్లీ చదివాను. ‘తూర్పు వీధి మంచినీటి కుళాయి. తూర్పు వీధి ప్రజలకు అంకితం.’ వేలితో తోసి చూశాను. ఓబుళేశు చెప్పింది నిజమే, కదల్లేదు.

సోమక్కకు ఫోను చేశాను.

“సోమక్కా, కుళాయి దొరికింది.”

“యాడ?”

“రాయి యాడుంటే ఆడ. సిమెంటు బాగా ఎండింది. బిందెలెత్తుకోని రాండి. మూతులకు కొంగు కట్టుకోండి. మనిషికీ మనిషికీ ఆరడుగులు ఎడం పెట్టండి. తప్పు పట్టేదానికి ఒక్క సందు ఇయ్యొద్దు.”

మర్నాడు పొద్దున తూర్పు వీధి తుమ్మకంప పక్కకు జరిగింది. సోమక్క ముందు ముగ్గుపిండి చెంబుతో నడుస్తూ ఆరడుగులకొక గుండ్రం వేసుకుంటూ వచ్చింది. ఒక్కో గుండ్రంలో ఒక్కో మనిషి, ఒక్కో బిందె. పెరటి గేటునుంచి మెయిన్ రోడ్డుదాకా నలభై గుండ్రాలు. జీపులో వచ్చిన ఎస్సై దిగి, టేపు పెట్టి రెండుచోట్ల కొలిచి, జిల్లాలో ఇంత క్రమశిక్షణ చూడలేదని చెప్పి వెళ్లిపోయాడు.

రంగనాథప్ప మేడమీదనుంచి వాళ్లను చూశాడు. నెల తర్వాత కనపడిన జనం. ఆయన కళ్లు చెమర్చాయి. చొక్కా మార్చుకుని, చేతులు జోడించి, మెట్లు దిగి వచ్చాడు.

“ఏమమ్మా, బాగుండారా? నన్ను చూసేదానికి వచ్చినారా?”

“లేదన్నా” అంది సోమక్క. “మా కుళాయి చూసేదానికి వచ్చినాం.”

నాయకుడు రాయివైపు చూశాడు. రాయిమీద ఆయన పేరు అరచేయంత ఉంది. ఓబుళేశు, పాపం, అలవాటు కొద్దీ ఫోను ఎత్తి లైవ్ పెట్టేశాడు.

“మీదేనమ్మా” అన్నాడు నాయకుడు. “మీ కుళాయే. తిప్పుకోండి.”

ఆ రోజు నలభై బిందెలు, మర్నాడు ఎనభై, ఆ మర్నాడు బట్టల మూటలతో సహా వచ్చారు. బట్టలుతికే బండ ఎదురుగానే ఉంది కాబట్టి ఎవరికీ కష్టం లేకపోయింది. మా వీధి పిల్లలు స్నానాలు చేశారు. నాయకుడు ప్రతి పొద్దునా గేటు దగ్గర నిలబడి పింఛను గురించి నలభైమందిని అడిగాడు. ఆ మూడు రోజులు ఆయన మొహంలో కళ తిరిగి వచ్చింది.

నాలుగో రోజు పొద్దున కృష్ణవేణమ్మ తలకు సీకాయ రుద్దుకున్నాక స్నానాల గదిలోంచి అరిచింది. తొట్టె అడుగు కనపడుతోంది.

నాయకుడు ఇంజనీరుకు ఫోను చేశాడు. స్పీకరులో పెట్టాడు, నేనూ విన్నాను.

“పరమేషూ, టాంకరు పంపించప్పా.”

“ఏ వీధికి సార్?”

“ఇదే, తూర్పు వీధికి పోయేది.”

“తూర్పు వీధికి కుళాయి ఉండాది కద సార్. తమరే ప్రారంభం చేసినారు.”

“ఆ వీధికి వద్దులే. మా ఇంటికి పంపు.”

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. “మీ ఇంటికి టాంకరు ఎప్పుడూ లేదు సార్ రికార్డులో.”

“లేకుండా ఇన్నేండ్లు తొట్టె ఎట్ల నిండిందప్పా?”

“అదే సార్, నాకూ అర్థం కావడంల్యా” అన్నాడు ఇంజనీరు.

నాయకుడు ఫోను పెట్టేసి కొట్టంలోకి నడిచాడు. మేమంతా వెనక వెళ్లాం. కృష్ణవేణమ్మ తలనిండా నురగతోనే వచ్చింది. కొట్టంలో చివరి రాయి ఒక్కటే, గోడవైపు తిరిగి ఉంది.

“ఇది దేనిదిరా?” అన్నాడు.

ఓబుళేశు రాయిని తిప్పి, పేడ తుడిచాడు. ఫిబ్రవరిలో, తక్కినవాటితోపాటే చెక్కించిన రాయి. ఈసారి నేనే పైకి చదివాను.

“తూర్పు వీధి మంచినీటి కుళాయి మరమ్మతు పనులకు శంకుస్థాపన. ఏప్రిల్ ఇరవై అయిదు.”

ఆ రోజు ఏప్రిల్ ఇరవై నాలుగు.

ఒక మనిషికి ఇంత ముందుచూపు ఉంటుందని గేదె కూడా అనుకుని ఉండదు.

ఇరవై అయిదో తేదీన ఇంజనీరు మళ్లీ వీడియోలోకి వచ్చాడు. అదే చొక్కా, అదే లుంగీ. నాలుగో బొంతకు దాచుకున్న పచ్చచీర పేలిక రిబ్బన్‌గా పోయింది. గుండ్రాల్లో నలభైమంది ఖాళీ బిందెలతో నిలబడి చూస్తున్నారు. నాయకుడు కుళాయి తిప్పాడు. కుళాయి దగ్గింది. జనం అలవాటు కొద్దీ ఇంకో అడుగు వెనక్కి జరిగారు.

అదే ఇత్తడి బిందె మళ్లీ నా చేతికి ఇచ్చారు.

“ఏమ్మా” అన్నాడు ఇంజనీరు. “ఈ కుళాయిలో నీళ్లు వస్తాండాయా?”

సోమక్క నా కళ్లలోకి చూసింది. ఈసారి ఎవరు ఏమన్నా సరే నిజం చెప్పాలని రాత్రే నిశ్చయించుకున్నాను.

“రావడంల్యా సార్” అన్నాను గట్టిగా. “ఒక్క చుక్క గూడా రావడంల్యా.”

“కరెక్ట్” అన్నాడు ఇంజనీరు, రాసుకుంటూ. నాయకుడు సంతోషంగా తల ఊపాడు. ఓబుళేశు ఈసారి ఫోను చంకలో పెట్టుకుని మరీ చప్పట్లు కొట్టాడు.

మర్నాడు పేపర్లో నా ఫోటో మళ్లీ వచ్చింది, ఖాళీ బిందెతో.

అదే పొద్దున మేం కొండకింద బోరుకు నడిచాం. ఎస్సై మమ్మల్ని ఆపలేదు. క్రమశిక్షణకు మెచ్చి తానే పైనవాళ్లతో మాట్లాడాడట. వరసలో నా వెనక ఎవరో వచ్చి నిలబడితే తిరిగి చూశాను. కృష్ణవేణమ్మ. తలలో సీకాయ ఎండి అట్టకట్టింది. చంకలో ఇత్తడి బిందె. సోమక్క ఏమీ అనకుండా ముగ్గుపిండి తెచ్చి ఆమె చుట్టూ గుండ్రం వేసింది. నలభై ఒకటోది.

ఇంతలో ఓబుళేశు కత్తెర పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. మెడలో ఎర్రపేలిక వేలాడుతోంది.

“అమ్మా, ఆ గుండ్రంలోంచి రవ్వంత పక్కకు జరగండి. అన్న వస్తాండాడు. ఈ బోరును ప్రారంభం చేయల్ల.”

కృష్ణవేణమ్మ కత్తెర తీసుకుని బొడ్లో దోపుకుంది. ఖాళీ బిందె అతని చేతిలో పెట్టింది. తాను గుండ్రంలోంచి బయటికి వచ్చి, అతన్ని అందులో నిలబెట్టి, ఊరివైపు నడిచిపోయింది.

ఓబుళేశు బిందె చూసుకున్నాడు. ముందున్న నలభైమందిని చూశాడు. ఒక అడుగు ముందుకు వేశాడు.

“ఆరడుగులప్పా” అంది సోమక్క.